షుగర్ గ్లైడర్ గ్రూమింగ్ కిట్: ఏది వాడాలి, ఏది పక్కన పెట్టాలి

షుగర్ గ్లైడర్ అంటే చెట్ల మధ్య గాల్లో తేలుతూ గెంతే, పొట్ట సంచిలో పిల్లను మోసే చిన్న జంతువు. దాన్ని పెంచుకునేవాళ్ల కోసమని అమ్మే గ్రూమింగ్ (ఒంటి శుభ్రత) కిట్లు ఏ పేరుతో వచ్చినా లోపలి సరుకు దాదాపు ఒకటే. చిన్న గోళ్ల కత్తెర, గోరు రాసే ఫైల్, రక్తం ఆపే పౌడర్, మెత్తటి బ్రష్, సన్నపళ్ల దువ్వెన, నీళ్లు అక్కర్లేని ఫోమ్ షాంపూ, తడి వైప్స్, వాసన పోగొట్టే స్ప్రే. కాస్త పెద్ద సెట్లలో అది పరిగెత్తే చక్రం (వీల్) లోపల అమర్చే గరుకు పట్టీ, మెత్తటి ఫ్లీస్ గుడ్డతో కుట్టిన పడక సంచి (పౌచ్) కూడా కలుపుతారు. ఈ రివ్యూ ఏ ఒక్క కంపెనీ డబ్బా గురించీ రాసింది కాదు. ఆ డబ్బాలో ఉండే ఒక్కో వస్తువును వంద గ్రాముల ప్రాణి మీద వాడితే ఏమవుతుందన్నదే ఇక్కడి సంగతి. గోళ్లకు, గుడ్డలకు సంబంధించిన సామాను కొనదగ్గది. బొచ్చుకు సంబంధించిన సామాను దాదాపు అంతా అనవసరం, అందులో ఒకటి రెండు నిజంగా హాని చేస్తాయి.

ఎందుకో తెలియాలంటే గ్లైడర్ వెనక పాదాన్ని దగ్గరగా చూడాలి. ఐదు వేళ్లుంటాయి. బొటనవేలు మిగతావాటికి ఎదురుగా తిరిగి ఉంటుంది, దానికి గోరు ఉండదు. కొమ్మను పట్టుకోవడానికి అది. దాని పక్కనున్న రెండు వేళ్లు గోళ్ల మొదలు దాకా చర్మంతో అతుక్కుపోయి ఒకే వేలులా కనిపిస్తాయి. చివర మాత్రం రెండు సన్నటి గోళ్లు పక్కపక్కనే ఉంటాయి. అదే దాని దువ్వెన. నిద్ర లేవగానే ముందు రెండు చేతుల్లోకి తుమ్మినట్టు ‘ష్... ష్...’ అని ఉమ్మి తీసుకుని మొహం, చెవులు రుద్దుకుంటుంది. తర్వాత ఆ వెనక కాలి దువ్వెనతో పక్కలు, వీపు గీరుకుంటుంది, చివరికి తోకను చేతుల్లోకి తీసుకుని నాకి శుభ్రం చేస్తుంది. ఆ తుమ్ములాంటి శబ్దం విని జలుబు చేసిందని కంగారుపడేవాళ్లు చాలామంది. ముక్కు నుంచి చీమిడి కారకుండా, ఒళ్లు రుద్దుకునే వేళలో మాత్రమే వస్తే అది స్నానమే. రెండో మూడో గ్లైడర్లు కలిసి ఉంటే తన తల వెనక అందని చోటు పక్కది చూసుకుంటుంది. ఇంత ఏర్పాటు ఒంట్లోనే ఉన్న ప్రాణికి మనం చేసిపెట్టాల్సింది రెండే పనులు: అడవిలో చెట్టు బెరడు అరగదీసే గోళ్లను ఇంట్లో మనం అరగదీయడం, అది పడుకునే చోటు, తిరిగే చోటు శుభ్రంగా ఉంచడం.

కత్తెర నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే కిట్ మొత్తంలో దీని మీదే అన్నీ ఆధారపడి ఉంటాయి. గోళ్లు కత్తిరించే సాధనాలు మూడు రకాలుగా వస్తాయి. మనుషులు వాడే నెయిల్ కట్టర్‌కు చిన్న తమ్ముడిలాంటిది ఒకటి. పిల్లులకు వాడే, అంచులో అర్ధచంద్రం కోసిన కత్తెర ఒకటి. సన్నటి తిన్నని మొనలున్న చిన్న కత్తెర ఇంకొకటి. మొదటిది వద్దు. దాని రెండు అంచులు గోరును పైనుంచీ కిందనుంచీ నొక్కుతాయి. గ్లైడర్ గోరు పక్కలనుంచి పలచగా, కొక్కెంలా వంగి ఉంటుంది కాబట్టి ఆ నొక్కుడుకు తెగే ముందు నలుగుతుంది, పొడుగునా చీలుతుంది. చీలిన గోరు మర్నాడు ఫ్లీస్‌లో దారంలా చిక్కుకుంటుంది. కత్తిరించకపోవడమే అంతకన్నా నయం. అర్ధచంద్రం కత్తెర మంచిదే, కానీ ఆ గాడి చిన్నదిగా ఉండాలి. పెద్ద పిల్లుల కోసం చేసినదైతే గోరు గాడిలో జారి ఎక్కడ తెగుతుందో కనపడదు. సన్నమొనల కత్తెర కొత్తవాళ్లకు అన్నిటికన్నా సులువు, తెగే చోటు రెప్పవేయకుండా చూడొచ్చు. మొనలు మాత్రం మొద్దుగా గుండ్రం చేసి ఉండాలి, ఎందుకంటే గ్లైడర్ కాలు లాక్కునేటప్పుడు కత్తెర మొన తగిలేది అది గాల్లో తేలడానికి వాడే, మణికట్టు నుంచి చీలమండ దాకా సాగే పలచటి చర్మపు పొరకే.

కత్తెర కొన్నాక పరీక్ష ఇలా చేయండి. తడిపిన టిష్యూ కాగితాన్ని రెండు మొనల మధ్య పెట్టి కత్తిరించండి. చివరి దాకా శుభ్రంగా తెగితే అది పనికొస్తుంది. మొనల దగ్గర కాగితం మడతపడి ఇరుక్కుంటే గోరునూ అలాగే మడతపెడుతుంది. కిట్లలో వచ్చే కత్తెరల్లో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే, మధ్యలో బాగా తెగుతాయి, మొనల దగ్గర కలవవు. మనం వాడేది మొనల్నే.

ఎన్ని గోళ్లు కత్తిరించాలో లెక్క తెలిసి ఉండాలి. ముందు చేతులకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18. వాటిలో వెనక కాళ్ల అతుకు వేళ్ల మీద ఉన్న 4 దువ్వెన గోళ్లను ముట్టుకోవద్దు. మిగిలినవి 14. చాలా కిట్ల కాగితాల మీద ఈ ముక్క ఉండదు, అన్ని గోళ్లూ కత్తిరించమని బొమ్మ వేసి ఉంటుంది. దువ్వెన గోళ్లు పోతే గ్లైడర్ తన బొచ్చు తను సరిగా దువ్వుకోలేదు, తర్వాత మనమే బొచ్చు చింపిరిగా ఉందని బ్రష్ పట్టుకుంటాం.

గోరును వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే అది దాదాపు పారదర్శకంగా ఉంటుంది. మొదలు నుంచి సగం పైదాకా గులాబీ రంగు గీత కనిపిస్తుంది. అది రక్తనాళం, దానితోపాటే నరం. ఆ గీత ఆగిన చోటు నుంచి ముందుకున్న తెల్లటి కొక్కెం మాత్రమే మనది. అందులోనూ కొస, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకూ, చాలు. కొక్కెం మొత్తం తీసేస్తే గ్లైడర్ పంజరం గోడ ఎక్కలేదు, గెంతినప్పుడు పట్టు దొరక్క జారిపడుతుంది. సూదిమొన పోయి వంపు మిగలాలి. కత్తెరను గోరు పక్కల నుంచి పట్టించాలి. కొత్తవాళ్లు ‘ఇంకాస్త’ అనుకునే దగ్గరే రక్తం వస్తుంది.

వేళ కూడా ముఖ్యం. ఇవి రాత్రి తిరిగే జంతువులు కాబట్టి పగలు, గాఢనిద్రలో ఉన్నప్పుడు, పౌచ్‌తో సహా ఒళ్లోకి తీసుకోవాలి. పౌచ్ నోరు కొద్దిగా తెరిచి ఒక్క కాలు బయటికి తీసి, మిగతా ఒళ్లంతా చీకట్లో వెచ్చగా ఉండనివ్వాలి. వేలు మొదలును రెండు వేళ్లతో మెల్లగా అదిమితే గోరు ముందుకొస్తుంది. కాలు లాక్కుంటే వదిలేయాలి, పట్టుకుని గుంజితే ఆ సన్నటి ఎముకలకు, పొరకు దెబ్బ. నిద్ర చెడిందన్న కోపంతో అది ‘కర్ కర్ర్’మని మర తిరిగినట్టు అరుస్తుంది. అంత చిన్న ఒంట్లోంచి అంత చప్పుడు వస్తే చెయ్యి వణకడం సహజం. అది నొప్పి కేక కాదు, దగ్గరికి రావద్దన్న హెచ్చరిక. అరుపు ఆగేదాకా కత్తెర పక్కన పెట్టి, ఆగాక మళ్లీ మొదలుపెట్టాలి. 14 గోళ్లూ ఒకే విడతలో అయిపోవాలన్న నియమం లేదు. రోజుకో కాలు చొప్పున నాలుగు రోజుల్లో చేసినా ఎవరికీ నష్టం లేదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి చేయాల్సి వస్తుంది. తేదీ రాసుకోవక్కర్లేదు, గ్లైడర్ చొక్కా చేతి మీద నడిచేటప్పుడు అడుగడుక్కీ గోరు పట్టి ‘టిక్’మని ఊడొస్తుంటే సమయం అయినట్టే. అలా పట్టిన గోరు పౌచ్‌లో పడితే, విడిపించుకునే ప్రయత్నంలో గ్లైడర్ మెలితిరిగి గోరు మొదలంటా ఊడగొట్టుకుంటుంది, కాలు ఎముక విరిగిన సందర్భాలూ ఉన్నాయి. గోళ్లు కత్తిరించేది మన చేతి మీద గీతలు పడకుండా ఉండటానికన్నా ముందు ఇందుకు.

కొన్ని సెట్లలో వల సంచి ఒకటి ఇస్తారు. గ్లైడర్‌ను అందులో వేస్తే గోళ్లు కన్నాల్లోంచి బయటికొస్తాయి, కత్తిరించుకోవచ్చని చెబుతారు. మెదలకుండా ఉండే గ్లైడర్‌కైతే సరే. తిరగబడేదైతే వేలు కన్నంలో ఉండగానే ఒళ్లు తిప్పుతుంది. ఆ సంచి పెట్టెలోనే ఉండనివ్వండి. ఇద్దరు మనుషులు, ఒక పాత ఫ్లీస్ ముక్క ఉంటే చాలు. ఒకరు పట్టుకుంటారు, ఒకరు కత్తిరిస్తారు. పట్టుకునేవాళ్లు ఛాతీని బిగించకూడదు, ఊపిరాడదు. తోక పట్టి ఆపకూడదు.

రక్తం ఆపే పౌడర్ గురించి. ఇది కిట్‌లో తప్పనిసరి, కత్తెర తీసే ముందే మూత తెరిచి పక్కన పెట్టుకోవాలి. వంద గ్రాముల ప్రాణి ఒంట్లో మొత్తం రక్తం పది మిల్లీలీటర్లు కూడా ఉండదు. మనకు రెండు మూడు చుక్కలంటే లెక్కలోకి రాదు, దానికి వస్తుంది. గోరు తెగి రక్తం కనిపిస్తే చిటికెడు పౌడర్ వేలికొస మీద తీసుకుని గోరు చివరకు అద్ది, అర నిమిషం నుంచి నిమిషం దాకా కదపకుండా అదిమి పట్టాలి. మధ్యలో తీసి చూస్తే కట్టిన గడ్డ ఊడిపోతుంది, మళ్లీ మొదటికే. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: డబ్బా వెనక బెంజోకెయిన్ అనే మాట ఉందా అని. కుక్కలకు చేసే కొన్ని పౌడర్లలో తిమ్మిరెక్కించడానికి ఈ మందు కలుపుతారు. గ్లైడర్ గోరును వెంటనే నాకుతుంది, కాబట్టి అది లేని రకమే తీసుకోవాలి. ఏదీ దొరకకపోతే వంటింటి కార్న్‌ఫ్లోర్ చిన్న గాయానికి పనిచేస్తుంది, కాకపోతే అదిమి పట్టాల్సిన సమయం ఎక్కువ. ఐదు పది నిమిషాలు గడిచినా ఆగకపోతే, లేదా గోరు కత్తిరింపుతో కాకుండా మొదలంటా ఊడితే, పౌడర్‌తో పని కాదు, వెటర్నరీ డాక్టర్ దగ్గరికే.

ఫైల్, చిన్న బ్యాటరీ గ్రైండర్ రెండూ వద్దు. ఫైల్‌తో 14 గోళ్లు రుద్దేంత ఓపిక గ్లైడర్‌కు ఉండదు. గ్రైండర్ అదురుకు భయపడుతుంది, పైగా తిరిగే ఇరుసుకు బొచ్చు చుట్టుకునే ప్రమాదం ఉంది.

వీల్ లోపల అమర్చే గరుకు పట్టీ మాత్రం ఆలోచించదగ్గ వస్తువు. రాత్రంతా పరిగెత్తే ప్రాణికి, పరిగెత్తే దారే కాస్త గరుకుగా ఉంటే గోటి మొనలు వాటంతటవే మొద్దుబారతాయి. రెండు రకాల పట్టీలు వస్తాయి. ఉప్పుకాగితం లాంటిది అతికించేది ఒకటి, ప్లాస్టిక్ పట్టీ మీద గరుకు పూత వేసినది ఒకటి. ఉప్పుకాగితం చవక, కానీ మూత్రం పీల్చుకుంటుంది, రెండు వారాల్లో కంపు కొడుతుంది, అంచు లేచిందంటే వేలు దాని కింద ఇరుక్కుంటుంది. ముతక రకమైతే రేణువులు రాలతాయి. పూత పట్టీని తీసి కడుక్కోవచ్చు, మళ్లీ పెట్టుకోవచ్చు. తేడా కొద్దిగా డబ్బుది, ఆ డబ్బు పెట్టడమే మంచిది.

దీన్ని పెట్టి మరిచిపోవడమే అందరూ చేసే తప్పు. వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు, మర్నాడు పొద్దున తీసేయాలి. గోళ్లను అరగదీసేది అరికాలి మెత్తలనూ అరగదీస్తుంది. పట్టీ తీసిన పొద్దున ఒక్కో పాదం తిప్పి చూడండి. మెత్తలు లేత గులాబీ రంగులో, నునుపుగా ఉండాలి. ఎర్రబడి మెరుస్తున్నా, చిన్న పగుళ్లున్నా పూర్తిగా మానేదాకా పట్టీ పెట్టకూడదు. ఇంకో సంగతి, ఈ పట్టీ గోరు పొడవును తగ్గించదు, మొన వాడిని తగ్గిస్తుంది. వీల్ ఎక్కని, బద్ధకంగా ఉండే పెద్ద వయసు గ్లైడర్‌కు దీనివల్ల ఏ ఉపయోగమూ లేదు. కాబట్టి కత్తెరకు ఇది తోడు, బదులు కాదు. కత్తిరింపుకీ కత్తిరింపుకీ మధ్య ఎడం కాస్త పెరుగుతుంది, అంతే. వీల్ సంగతి కూడా చూసుకోవాలి. మధ్యలో అడ్డంగా ఇరుసు కడ్డీ ఉన్న వీల్‌లో ఏ పట్టీ పెట్టినా లాభం లేదు. పొడుగు తోక ఆ కడ్డీకి చుట్టుకుంటుంది. ఇరుసు వెనకవైపు ఉండి లోపలంతా ఖాళీగా, అడుగు అడ్డకొలత సుమారుగా ఉన్నదే గ్లైడర్ వీల్.

ఇక బొచ్చు సామాను. ఫోమ్ షాంపూ డబ్బా మీద ‘కడగక్కర్లేదు, రాసి తుడిస్తే చాలు’ అని ఉంటుంది. అక్కడే చిక్కు. కడగని పదార్థమంతా ఒంటి మీదే ఉంటుంది, గ్లైడర్ దాన్ని పావుగంటలో నాకేస్తుంది. బయట వాడమన్న మందును లోపలికి పుచ్చుకున్నట్టు. నురగ ఆరేదాకా ఒళ్లు తడిగా ఉంటుంది కదా, అది రెండో చిక్కు. ఇంత చిన్న ప్రాణి ఒంట్లో వేడి నిలబడదు. తడిస్తే త్వరగా చల్లబడుతుంది, చల్లబడితే మందకొడిగా, కదలిక లేకుండా ముడుచుకుపోయే స్థితిలోకి జారుతుంది. అందుకే నిండా స్నానం ఎప్పుడూ చేయించకూడదు, వెచ్చటి నీళ్లతో అయినా సరే. పొడి షాంపూ, చిన్చిల్లాలనే బొచ్చు జంతువులకు వాడే దుమ్ము స్నానం పొడి కూడా అంతే. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాసన స్ప్రేల్లో టీ ట్రీ ఆయిల్ గానీ, మరే సుగంధ తైలం గానీ ఉంటే ఇంట్లోకే తేవద్దు. టీ ట్రీ ఆయిల్ చిన్న జంతువులకు విషం.

వైప్స్ విషయంలో కొంచెం ఉదారంగా ఉండొచ్చు. సువాసన, ఆల్కహాల్ రెండూ లేనివి, దాదాపు నీళ్లే ఉన్నవి అయితే ఒక మంచి పనికొస్తాయి. గ్లైడర్ నిద్ర లేచిన కొద్దిసేపటికే మూత్రం పోస్తుంది. పౌచ్‌లోంచి తీసిన వెంటనే భుజం మీద వేసుకుంటే ఆ భుజమే తడుస్తుంది. అరచేతిలో ఒక వైప్ పరిచి, దాని మీద గ్లైడర్‌ను కూర్చోబెట్టి, వెనక భాగానికి మెత్తగా అద్దుతూ ఒకటి రెండు నిమిషాలు ఉంటే పని అక్కడే కానిచ్చేస్తుంది. ఆడించడానికి ముందు ఇది అలవాటు చేస్తే బట్టలు, సోఫా, తోటి గ్లైడర్ల బొచ్చు అన్నీ బాగుంటాయి. మామూలు టిష్యూ కూడా ఇదే పని చేస్తుంది, అందుకని వైప్స్ కోసమే కిట్ కొనక్కర్లేదు.

మెత్తటి బ్రష్‌తో హాని లేదు. దాంతో బొచ్చు శుభ్రపడదు, కొన్ని గ్లైడర్లకు గడ్డం కింద గీరితే ఇష్టం, అంతవరకే. సన్నపళ్ల దువ్వెన పొరకు గుచ్చుకుంటుంది, వద్దు. పురుగులున్నాయన్న అనుమానం ఉంటే దువ్వెనతో వెతుకుతూ కూర్చోకుండా డాక్టర్‌కు చూపించాలి. కుక్కలకు వేసే చుక్కమందులు సొంతంగా వేయడం ప్రాణాల మీదికి తెస్తుంది.

మరి జిగురు అంటుకుంటే? తేనె, పండ్ల రసం గడ్డం కిందా ఛాతీ మీదా అంటి ఎండిపోవడం తరచూ జరిగేదే. మెత్తటి గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, అంటిన చోట పది ఇరవై సెకన్లు అలాగే ఆనించి పట్టుకోండి. రుద్దవద్దు, నాననివ్వాలి. తర్వాత బొచ్చు వాలిన దిక్కుగా రెండుసార్లు తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్ది, ఆరిన పౌచ్‌లో మీ ఒంటి వెచ్చదనానికి ఆనించి పావుగంట ఉంచితే చాలు. హెయిర్ డ్రయ్యర్ వాడకూడదు, దాని చప్పుడుకు బెదురుతుంది, ఒళ్లు కాలుతుంది. రంగు, ఇంజన్ ఆయిల్, ఎలుకల జిగురు అట్ట లాంటివి అంటితే ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు.

వాసన పోవడం లేదని స్ప్రేలు కొనేవాళ్లు ముందు వాసన ఎక్కడిదో చూసుకోవాలి. మగ గ్లైడర్ నడినెత్తిన బోడిగా, కాస్త జిడ్డుగా ఒక మచ్చ ఉంటుంది. ఛాతీ మధ్యలో పసుపు పచ్చగా ఇంకొకటి ఉంటుంది. అవి వాసన గ్రంథులు, మల ద్వారం దగ్గర కూడా ఉంటాయి. నెత్తి మీది మచ్చ చూసి బొచ్చు రాలే జబ్బనుకుని నూనెలు రాసేవాళ్లున్నారు, జిడ్డు అనుకుని వైప్‌తో తుడిచేవాళ్లున్నారు. తుడిచిన ప్రతిసారీ అది పోయిన తన వాసనను మళ్లీ పూస్తుంది, మునుపటికన్నా గట్టిగా. మగదానికి వృషణాల ఆపరేషన్ చేయిస్తే కొన్నాళ్లకు గ్రంథులు చిన్నవై, నెత్తి మీద బొచ్చు మొలిచి, ఆ వాసన బాగా తగ్గుతుంది. ఏ స్ప్రే చేయని పని అది. ఆడ గ్లైడర్‌కు నెత్తి మీద, ఛాతీ మీద ఈ గ్రంథులు ఉండవు. ఆడదాని పొట్ట సంచిని మాత్రం ఎన్నడూ వేలితో గానీ దూదిపుల్లతో గానీ శుభ్రం చేయబోవద్దు. లోపల పిల్ల ఉంటే పాలచన్నుకు అతుక్కుని ఉంటుంది, దాన్ని కదిలిస్తే బతకదు.

ఇంట్లో వచ్చే కంపులో ఎక్కువ భాగం మాత్రం పంజరానిదే. గ్లైడర్ పండు నమిలి రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. ఆ పిప్పి ఊచలకు అంటి రాత్రికి రాత్రే బంకలా ఎండుతుంది. తిండి గిన్నెను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పక్కన గ్లైడర్ దూరేంత గుండ్రటి కన్నం చేసి, అంచులు నున్నగా రాపిడి చేస్తే పిప్పి అంతా ఆ డబ్బాలోనే పడుతుంది. కిట్‌లో ఇవ్వదగ్గ వస్తువేదైనా ఉంటే అది ఇదే, ఒక్కరూ ఇవ్వరు. ఊచలు కడగడానికి తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి తుడిస్తే పిప్పీ, మూత్రపు తెల్లచారికా రెండూ వదులుతాయి. బ్లీచ్ వాడేవాళ్లు రెండు సంగతులు మరవకూడదు. బ్లీచ్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూత్రపు అమ్మోనియాతో బ్లీచ్ కలిసినా ఘాటైన విషవాయువే. అందుకని ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే పలచటి బ్లీచ్, మళ్లీ వాసన పోయేదాకా మంచినీళ్లు. గ్లైడర్లు అప్పుడు వేరే గదిలో ఉండాలి. జింకు పూత తీగ పంజరమైతే ఎంత కడిగినా లాభం లేదు. మూత్రం ఆ పూతను తినేస్తుంది, తెల్లపొడి లేస్తుంది, ఊచలు నాకే గ్లైడర్‌కు జింకు విషం ఎక్కుతుంది. పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో కరిగించి వేసిన గట్టి పూత) ఉన్న పంజరమే పెట్టాలి. ఊచల మధ్య సందు 1.25 సెంటీమీటర్లకు మించకూడదు.

పంజరం, పౌచ్, వీల్, బొమ్మలు అన్నీ ఒకే రోజు కడిగేస్తే ఇల్లు ఒక పూట బాగుంటుంది, మర్నాటికి వాసన రెట్టింపవుతుంది. తన గుర్తులన్నీ మాయమైన చోట గ్లైడర్ మూత్రంతో, గ్రంథులతో కొత్తగా గుర్తులు వేస్తుంది. తిండి గిన్నెలు, కింది ట్రే రోజూ. పౌచ్ మూడు నాలుగు రోజులకోసారి. ఊచలు, వీల్ వారానికోసారి, కానీ పౌచ్ మార్చిన రోజున కాకుండా వేరే రోజు. వాడిన ఫ్లీస్ ముక్క ఒకటి ఎప్పుడూ లోపలే ఉండనివ్వాలి.

పౌచ్ మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. కిట్‌లో ఉచితంగా వచ్చేది సాధారణంగా ఒక పొర ఫ్లీస్, లోపల కుట్టు అంచులు తెరిచి ఉంటాయి. దాన్ని తిరగేసి చూడండి. అంచు దారాలు వేలాడుతుంటే, కుట్టు కింద మీ చూపుడు వేలి గోరు దూరితే, అందులో గ్లైడర్‌ను పడుకోబెట్టకండి. సన్నటి దారం వేలికి చుట్టుకుంటే అది కదిలేకొద్దీ బిగుస్తుంది, రక్తం ఆడక కొన్ని గంటల్లో వేలు నల్లబడుతుంది. పగలంతా పౌచ్‌లో కనపడకుండా ఉండే ప్రాణిని సాయంత్రం దాకా ఎవరూ చూడరు. మంచి పౌచ్‌కు రెండు పొరలు, కుట్టు అంచులన్నీ పొరల మధ్య దాచి, కుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. టర్కీ టవల్ గుడ్డ, అల్లిన ఊలు, నూలు లైనింగ్ వద్దు. మొదటి రెండిటి ఉచ్చుల్లో గోరు పడుతుంది, మూడోది ఉతుకులో ముడుచుకుపోయి కుట్లు వదులవుతాయి. ఫ్లీస్ అంచు పీచులుగా విడిపోదు, అందుకే దానికి ఇంత పేరు. జిప్ ఉన్నదైతే మూత్రానికి తుప్పు పట్టి ఇరుక్కుంటుంది. పైనుంచి వేలాడదీయడానికి ప్లాస్టిక్ గొలుసు లింకులు బాగుంటాయి.

ఉతికేటప్పుడు తిరగేసి దులిపి, ముందు చల్లటి నీళ్లలో జాడించి, తర్వాత సువాసన లేని డిటర్జెంట్‌తో వేడినీళ్లలో ఉతకాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకూడదు. అది ఫ్లీస్ మీద పూతలా మిగిలి గ్లైడర్ నాలుకకు చేరుతుంది, తడి పీల్చే గుణాన్నీ పోగొడుతుంది. పూర్తిగా ఆరాకే పంజరంలోకి. ఆరిన తర్వాత ప్రతిసారీ లోపలి వైపు అరచేత్తో నిమిరి, మూలలను వెలుతురుకు పట్టి చూడాలి. దారం లేచి కనిపిస్తే కత్తిరించి సరిపెట్టవద్దు, ఆ కుట్టు ఇంకా విడిపోతుంది. కుట్టించుకోండి లేదా పారేయండి. ఇద్దరు గ్లైడర్లకు మూడు పౌచ్‌లు ఉంటే ఒకటి లోపల, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరి సిద్ధంగా ఉంటుంది.

ఏ సామానుతోనూ తీరని మురికి కొంత ఉంటుంది. తోక మొదట్లో బొచ్చు పలచబడటం, ఒకే చోట ఉమ్మితో తడిసి అట్టకట్టడం, తోకనో జననాంగాన్నో కొరుక్కోవడం ఒత్తిడికి, నొప్పికి గుర్తులు. ఒంటరిగా ఉంచిన గ్లైడర్లలో ఇవి ఎక్కువ. ఒకసారి కొరుక్కోవడం మొదలైతే గంటల్లో గాయం పెద్దదవుతుంది, ఆ రోజే డాక్టర్ చూడాలి. మలద్వారం చుట్టూ బొచ్చు అంటుకుపోయి ఉంటే గుడ్డతో తుడిచి ఊరుకోకండి, అది విరేచనాల గుర్తు. ఇంత చిన్న ఒంట్లో నీరు తగ్గడానికి ఒక రాత్రి చాలు. భుజాల మధ్య చర్మాన్ని మెల్లగా పైకి పట్టి వదిలితే వెంటనే వెనక్కి పోవాలి, గుడారంలా నిలబడితే ఒంట్లో నీళ్లు లేనట్టే. ఎప్పుడూ నున్నగా ఉండే బొచ్చు ఒకనాడు ముళ్లలా లేచి, నూనె రాసినట్టు అట్టలుగా ఉంటే ఆ గ్లైడర్ తన ఒళ్లు తాను చూసుకోవడం మానేసిందన్నమాట. అప్పుడు ఫోమ్ షాంపూ డబ్బా వైపు చెయ్యి వెళ్లకూడదు. అది నిన్న రాత్రి ఎంత తిన్నదో చూసి, తూకం వేసి, ఆ రెండు అంకెలతో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కిట్‌లో ఎవరూ పెట్టని ఆఖరి వస్తువు కూడా అదే, గ్రాముల్లో చూపించే చిన్న తూకం. వారానికోసారి, పౌచ్ మార్చే రోజున, ఖాళీ పౌచ్ బరువు ముందు తీసుకుని, తర్వాత గ్లైడర్‌తో కలిపి తూచి తీసివేస్తే సరి.